కొమ్ముల కోట వాటా

ఆ పొద్దున మద్దికోన అడవిలో వడ్రంగిపిట్టలన్నీ ఒకే ఎండుమానును పట్టుకుని టకటకా టకటకా వాయించేశాయి. అడవిలో దండోరా అంటే అదే. అప్పుడే కళ్ళు మూసుకున్న గుడ్లగూబ విసుక్కుంటూ, "ఏవిటర్రా పొద్దున్నే ఈ గోల?" అంది.

"రాజుగారు వాటా ప్రకటించారు! కోటవాళ్ళకి వాటా!" అని చిలకలు గాల్లో పల్టీలు కొడుతూ అరిచాయి.

ఆ మాట వినగానే గుడ్లగూబకి కూడా నిద్ర ఎగిరిపోయింది. ఎందుకు ఎగిరిపోదు! కోటవాళ్ళు లేకపోతే ఆ అడవిలో పిల్ల అన్నది మిగిలేదా?

కిందటేడు రోహిణీ ఎండల్లో ఏటి అవతలి నుంచి రేచుకుక్కల దండు వచ్చిపడింది. ఒంటిగా దొరికితే రేచుకుక్క ఏపాటిది! మందగా వచ్చిందంటే మాత్రం పులి కూడా దారి తప్పుకోవలసిందే. మన పులిరాజు చండ్రాయుడు సరిగ్గా ఆ రోజే ఎండదెబ్బ తగిలి గుహలో పడుకున్నాడు. ఎండదెబ్బలకి కూడా ముహూర్తాలుంటాయి కాబోలు.

రాజు పడుకుంటే నిలబడింది అడవిదున్నలు. పాలవాగు రేవులో తోకలు లోపలికి, కొమ్ములు బయటికి పెట్టి గుండ్రంగా నిలబడ్డాయి. మధ్యలో అడవిలోని పిల్లలన్నీ ఉన్నాయి. దుప్పి పిల్లలు, కణుజు పిల్లలు, కుందేలు కూనలు, ఆఖరికి రాజుగారి పులిపిల్లలు కూడా. కొమ్ముల కోట అంటే అదీ. మద్దిచెట్టు కొసన కొండముచ్చు అచ్చియ్యమ్మ కూర్చుని, కుక్కలు ఏ పక్క నుంచి దూకబోతే ఆ పక్క పేరు చెప్పి కేక వేసింది. పొద్దు వాలేదాకా కోట కదల్లేదు. కుక్కలు నాలుకలు వేలాడేసుకుని వచ్చిన దారినే పోయాయి.

పిల్లల్లో ఒక్కదానికి గీత పడలేదు. కోటవాళ్ళకి మాత్రం కొమ్ములు విరిగాయి, చెవులు తెగాయి. పెద్దదున్న కోటిలింగానికి వెనక కాలి కండ ఊడింది. అతని తమ్ముడు రాజలింగం పడిన చోటు నుంచి మళ్ళీ లేవలేదు. అచ్చియ్యమ్మ కొమ్మ విరిగి ముళ్ళలో పడితే ఒక కన్ను పోయింది. మరి అలాంటివాళ్ళకి వాటా అంటే అడవి పండగ చేసుకోదా!

రాజుగారి మాట ఇదీ: వాగు ఒడ్డున ఉన్న ఉప్పుమట్టి గుంట, దాని చుట్టూ ఉన్న పచ్చిక ఇకమీదట కోటవాళ్ళవి, పోయినవాళ్ళ పిల్లలవి. ఎలుగు వైద్యుడు భూషయ్య వాళ్ళకి ఊరికే వైద్యం చెయ్యాలి. అందుకు కావలసిన తేనె, పళ్ళు, మేత అడవిలో ప్రతి ప్రాణీ తన తిండిలోంచి కాస్త తీసి రాజుగారి పేర ఇవ్వాలి.

ఇచ్చాయి! తేనెటీగలు మంచి పట్టు ఒకటి వదిలేసి వేరే కొమ్మకి తరలిపోయాయి. ఏనుగులు పచ్చిమేత మోపులు మోశాయి. కోతి అంతటి కోతి నేరేడుపళ్ళు తినకుండా తెచ్చి గుంట పక్కన కుప్ప పోసింది. దాన్ని చూసి వాళ్ళమ్మే నమ్మలేకపోయింది.

పంచిపెట్టేదెవరు అన్నదగ్గర నక్క పానకాలు ముందుకొచ్చాడు. "ప్రభూ, తమరెందుకు కొండ దిగి శ్రమపడాలి? నేను లేనూ!" అన్నాడు. రాజు సరేనన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా పెద్దలు!

కోటిలింగం కుంటుకుంటూ గుంట దగ్గరికి వచ్చేసరికి పానకాలు గట్టు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

"ఏం మావయ్యా, ఇలా దయచేశావు?"

"వాటా కోసమే అల్లుడూ. కాలు చీము పట్టింది. ఉప్పుమట్టీ తేనే కలిపి కట్టు కడతానన్నాడు భూషయ్య."

"కడతాడు, ఎందుకు కట్టడూ! ముందు నువ్వు బతికి ఉన్నావో లేదో తేలాలి కదా."

కోటిలింగం తెల్లబోయాడు. "నీ ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నాను కదయ్యా!"

"నేను చూస్తే సరిపోతుందా మావయ్యా? పద్ధతంటూ ఒకటుంది. పున్నమి పున్నమికీ గద్దబండ ఎక్కి, అడవంతా వినేలా 'నేను బతికే ఉన్నానహో' అని అరవాలి. ఎక్కనివాళ్ళు పోయినవాళ్ళ కిందే జమ."

గద్దబండ అంటే మేకలు కూడా ఆలోచించి ఎక్కే కొండ. కోటిలింగం దానివైపు చూసి, "కాలు బాగుంటే ఎక్కుతాను. కాలే బాగుంటే ఈ వాటాతో నాకేం పని?" అన్నాడు.

"అద్గదీ! ఎక్కలేనని నువ్వే ఒప్పుకున్నావు. పోనీ, గాయం చూపించు... అబ్బే, రక్తమేదీ?"

"ఏడాది గాయానికి రక్తమెక్కడిది? లోపల కుళ్ళుతోంది."

"లోపలి సంగతి నాకెలా తెలుస్తుంది? కంటికి కనబడితేనే గాయం."

చెట్టు మీంచి అచ్చియ్యమ్మకి ఒళ్ళు మండిపోయింది. "ఒరే పానకాలూ! ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్యానా! ఆ రోజు నువ్వెక్కడున్నావురా?"

"బొరియలో ఉన్నానత్తా, దాపరికమేముంది! నువ్వు మాత్రం చేసిందేముంది? చెట్టెక్కి అరిచావు. అరిచినవాళ్ళందరికీ వాటా అంటే కాకులకి ఇవ్వలేక చస్తాను."

పక్కనున్న పిట్టలు నవ్వాయి. నవ్వకూడదని తర్వాత తెలిసిందనుకోండి, అప్పటికి నవ్వేశాయి. అచ్చియ్యమ్మకి ఉన్న ఒక్క కంట్లో నీళ్ళు తిరిగాయి.

మరి గద్దబండ ఎక్కిందెవరు? అడవిపంది బుల్లెయ్య, అతని బలగం. రేచుకుక్కలు వచ్చిన రోజున అందరికంటే ముందు కొండ అవతలికి పరిగెత్తినవాళ్ళు వీళ్ళే. కాళ్ళు రాళ్ళు, మెడలు దిమ్మలు. ఒంటినిండా ఎర్రమట్టీ మోదుగపూల రసమూ చారలు చారలుగా పూసుకుని, రొప్పుకుంటూ కొండెక్కి, "బతికే ఉన్నామహో!" అని అరిచారు. పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందంటారు. ఇక్కడ నక్కే దగ్గరుండి పందులకి వాతలు పెట్టాడు. తేనెలో సగం బుల్లెయ్య బలగానికి, సగం పానకాలు బొరియలోకి.

రాజుగారితో చెప్పుకుందామని అచ్చియ్యమ్మ గుహ దాకా వెళ్ళింది. గుహ ముందు పానకాలే ఉన్నాడు. "ప్రభువులు విశ్రాంతిలో ఉన్నారత్తా" అన్నాడు. మళ్ళీ వెళ్ళినా అదే విశ్రాంతి.

ఇంతలో మృగశిర కార్తె దగ్గరపడింది. పడమటి గాలి మొదలైంది. భూషయ్య ఒకనాటి సాయంత్రం కోటిలింగం కాలు వాసన చూసి, అచ్చియ్యమ్మని పక్కకి పిలిచాడు.

"అచ్చియ్యమ్మా, ఉన్నమాట చెబుతున్నాను. వానలు పడకముందే కట్టు పడాలి. బురదలో ఆ కాలు ఆనితే ఇక అంతే. వానాకాలంలో పడ్డ దున్న లేవదు."

"నీ దగ్గర తేనె లేదూ? ఎలుగుబంటివి కదా!"

"నాలిక్కి కూడా అంటలేదమ్మా. పట్టు చుట్టూ పందుల కాపలా."

అచ్చియ్యమ్మ కోటిలింగం వైపు చూసింది. ఆ రాజలింగం పోయాడు, ఇప్పుడు ఈ కోటిలింగం కూడానా! కుక్కల కోరలకి పోని ప్రాణం నక్క పద్ధతులకి పోతుందా! రోషం వచ్చింది ముసలిదానికి. తోక నేలకేసి కొట్టి చెట్టెక్కింది.

సరిగ్గా అప్పుడే వడ్రంగిపిట్టలు మళ్ళీ అందుకున్నాయి. టకటకా టకటకా! "రేపు కొమ్ముల కోట పండగ! ఏడాది నిండింది! రాజుగారు పాలవాగు రేవుకి దిగివచ్చి కోటవాళ్ళని కళ్ళారా చూస్తారు! అందరూ పిల్లాపాపలతో రావాలహో!"

అచ్చియ్యమ్మ కన్ను మెరిసింది. తిన్నగా పానకాలు దగ్గరికి వెళ్ళింది.

"అల్లుడూ, ఆ వేళ నోరుజారాను, మనసులో పెట్టుకోకు."

"పెద్దదానివి, నీ మాట పట్టించుకుంటానా అత్తా!" అన్నాడు పానకాలు, తేనె మూతి తుడుచుకుంటూ.

"రేపు పండగలో ఒక్క ముచ్చట తీర్చు నాకు. ఆనాడు వేసిన కేక రాజుగారికి వినిపిస్తాను. పాపం ఆయన అప్పుడు వినలేదు కదా, ఎండదెబ్బ. కేక వినబడగానే కోటవాళ్ళు ఏం చేస్తారో ఆయన చూస్తే, నీకెంత పేరొస్తుందో ఆలోచించు."

పానకాలు చెవులు నిక్కాయి. పేరంటే వాడికి తేనె తర్వాత తేనె. "ఇంతకీ కేక వినగానే మావాళ్ళు ఏం చెయ్యాలత్తా?"

"అదేం మాట? ఆనాడు కోటలో నిలబడ్డవాళ్ళేగా వాళ్ళు! నేను నేర్పాలా? కేక వింటే కాళ్ళే చెబుతాయి."

తెలియదంటే దొంగతనం బయటపడుతుంది. పానకాలు "అవునవును, వాళ్ళకి తెలియకపోవడమేమిటి!" అన్నాడు. వెళ్ళి బుల్లెయ్యతో, "రేపు ముసలమ్మ ఏదో పాట పాడుతుంది. పాడగానే జై కొట్టండి" అని చెప్పాడు. ఆ కేక ఎలా ఉంటుందో వాడెన్నడైనా విన్నాడు కనకనా? ఆ రోజు బొరియలో చెవులు మూసుకుని పడుకున్నాడు. పాటనుకున్నాడు, పాపం.

కోటిలింగానికి ఈ సంగతి నచ్చలేదు. "అక్కా, ఉత్తుత్తి కేక వెయ్యకు. ఇవాళ అబద్ధం కేక వేస్తే రేపు నిజం కేక ఎవరూ నమ్మరు. నా కాలు పోతే పోయింది, అడవికి నీ కేక ఉండాలి."

"నా బతుకులో శత్రువు లేకుండా కేక వెయ్యలేదు తమ్ముడూ. రేపూ వెయ్యను. నువ్వూ మనవాళ్ళూ ముళ్ళపొదల వెనకే ఉండండి, అంతే" అంది అచ్చియ్యమ్మ.

తెల్లారింది. అబ్బబ్బ, ఏం పండగండీ అది! పాలవాగు రేవు కిటకిటలాడిపోయింది. నెమళ్ళు ఎండలోనే పురివిప్పేశాయి. ఏనుగులు తొండాలతో నీళ్ళు చిమ్మి దుమ్ము అణిచాయి. పిల్లలు తల్లుల కాళ్ళ సందుల్లో గంతులేశాయి. పులిరాజు చండ్రాయుడు పెద్దబండ మీద కూర్చున్నాడు. పక్కనే పానకాలు, ఛాతీ విరుచుకుని. ఎదురుగా పచ్చిక మధ్యలో బుల్లెయ్య బలగం, కొత్తగా పూసిన ఎర్రచారలతో నిగనిగలాడుతున్నారు.

"ఆహా, ఎన్ని గాయాలు!" అన్నాడు రాజు, కొమ్ములేవని అడగాలని తోచక. "నా పిల్లల్ని కాపాడింది మీరేనా నాయనలారా!"

"అవును ప్రభూ" అన్నాడు బుల్లెయ్య, నోట్లో నేరేడుపండు నములుతూనే.

"ఇక ఆనాటి కేక వినండి ప్రభూ!" అన్నాడు పానకాలు.

మద్దిచెట్టు కొసన అచ్చియ్యమ్మ లేచి నిలబడింది. ఊపిరి బిగబట్టింది.

"ఖర్ర్... ఖక్ ఖక్ ఖక్! బండ పక్క! బండ పక్క! ఖక్ ఖక్ ఖక్!"

వెన్నులో చలి పుట్టించే కేక అది. జై కొట్టాలన్న సంగతి ఎవరికి గుర్తుంటుంది! బుల్లెయ్య నోట్లోని పండు నేలపడింది. "వచ్చేశాయిరోయ్!" అని ఒక్క అరుపు అరిచి పందులన్నీ ఒకదాన్నొకటి తొక్కుకుంటూ దబదబా వాగులో దూకాయి. రాజుగారు బండ మీంచి ఎటు దూకాడో నేను చూడలేదు. తోక మాత్రం ముడిచే ఉందని నెమళ్ళు చెప్పాయి.

అప్పుడు కదిలాయి ముళ్ళపొదలు. కుంటుతూ, దేకుతూ, పడుతూ లేస్తూ కోటవాళ్ళు వచ్చారు. ఎవరూ పిలవలేదు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఒంటికొమ్ము గున్నమ్మ ముందొచ్చి నిలబడింది. మూడు కాళ్ళ మీద కోటిలింగం వచ్చి తన చోట ఆగాడు. తోకలు లోపలికి, కొమ్ములు బయటికి. కన్నుమూసి తెరిచేలోగా అడవిలో పిల్లలన్నీ కోటలో ఉన్నాయి. రాజుగారి పులిపిల్లలు ఈ దారి తెలిసినవాళ్ళలాగా అందరికంటే ముందే దూరాయి.

ఇంకొకడు కూడా దూరాడు. బండ మీంచి దొర్లి, బుల్లెయ్య వైపు చూసి, వాడు వాగులో మునకలేస్తుంటే వెనక్కి తిరిగి, కాళ్ళు ఎటు లాగితే అటు పరిగెత్తి, కోటలో ఒకచోట కాస్త సందు కనబడితే అందులోంచి జొరబడి, కోటిలింగం పొట్ట కింద ముడుచుకుని వణుకుతూ కూర్చున్నాడు పానకాలు.

కుక్కలు రాలేదు. ఆకు కదల్లేదు. బండ వెనక నుంచి రాజు మెల్లగా తల బయటికి పెట్టాడు.

"ఏదే శత్రువు, అచ్చియ్యమ్మా? బండ పక్క అన్నావు. అబద్ధం కేక వేశావా?"

"అబద్ధమెందుకాడతాను దొరా! ఆనాడు శత్రువు ఏటి అవతలి నుంచి వచ్చాడు. ఇవాళ బండ పక్కనే, తమ పక్కనే కూర్చుని మా కూడు తింటున్నాడు. ఇప్పుడు కోటలో ఉన్నాడు, చూడండి."

అడవంతా అటు తిరిగింది. కోటిలింగం మెడ వంచి తన పొట్ట కిందికి చూశాడు. పానకాలు ముక్కు సరిగ్గా ఆ కుళ్ళిన గాయానికి ఆనుకుని ఉంది.

"ఏమయ్యా అల్లుడూ, కనబడలేదన్నావు" అన్నాడు కోటిలింగం నెమ్మదిగా. "ఇప్పుడు కనబడుతోందా?"

నవ్వు మొదలైందండీ! ముందు నెమళ్ళు, తర్వాత కోతులు, ఆ తర్వాత ఏనుగులు. వాగులోంచి బుల్లెయ్య బలగం బిక్కుబిక్కుమంటూ ఒడ్డెక్కితే నవ్వు రెట్టింపైంది. చారలన్నీ పోయి, నున్నగా, నల్లగా, బొద్దుగా ఉన్నారు. నీళ్ళు మాత్రం ఎర్రగా పారుతున్నాయి.

"మీ గాయాలేవిరా?" అని గర్జించాడు రాజు.

"వాగులో కొట్టుకుపోయాయి ప్రభూ" అన్నాడు బుల్లెయ్య.

రాజు నవ్వలేదు. కోట చుట్టూ ఒకసారి నడిచాడు. విరిగిన కొమ్ములు చూశాడు, తెగిన చెవులు చూశాడు. కోటిలింగం పక్కన పానకాలు దూరిన సందు దగ్గర ఆగాడు. "ఇక్కడ ఖాళీ ఎందుకుంది?"

"అది మా తమ్ముడు రాజలింగం చోటు దొరా."

"వాడి పిల్లలకి వాటా అందుతోందా?"

"ముళ్ళపొదల్లో ఎండాకులు నములుతున్నారు" అంది గున్నమ్మ. "మీ నాన్నని గద్దబండ ఎక్కించి 'బతికే ఉన్నాను' అనిపించండి, అప్పుడిస్తానన్నాడు తమ పానకాలు."

అప్పటిదాకా నవ్వుతున్న అడవి చప్పున ఆగిపోయింది. రాజు ముఖం చిన్నబోయింది. "తప్పు నాది కూడా" అన్నాడు. "ఆనాడూ గుహలోనే పడుకున్నాను, ఈ ఏడాదీ గుహలోనే పడుకున్నాను." తర్వాత వంగి కోట లోపలికి చూశాడు. "పానకాలూ! ఒక్కమాట అడుగుతాను. ఆపద వచ్చిందనుకున్నావు. కోటవాళ్ళంటూ నువ్వు నాకు చూపించిన పందులు అక్కడున్నాయి. వాళ్ళ వెనక దాక్కోకుండా ఇక్కడికెందుకు పరిగెత్తావు?"

పానకాలు కోటిలింగం పొట్ట కింద ఇంకాస్త లోపలికి జరిగాడు.

"నీ నోరు ఇన్నాళ్ళుగా చెప్పని నిజం నీ కాళ్ళు చెప్పాయి. ఇంక సాక్ష్యమెందుకు?" అన్నాడు రాజు. "భూషయ్యా! పానకాలు బొరియలో తేనె ఉంటుంది, పట్రా!"

భూషయ్య ఆ మాట కోసమే కాచుకున్నట్టు పరిగెత్తాడు. ఎలుగుబంటి అంత వేగంగా పోవడం ఆ అడవి చూడలేదు. తేనె వచ్చింది, ఉప్పుమట్టి వచ్చింది, మద్దాకులు వచ్చాయి. అడవంతా చుట్టూ మూగి చూస్తుండగా కోటిలింగం కాలికి కట్టు పడింది. ఆఖరి ముడి బిగిస్తుంటే పడమట ఉరిమింది. తొలి చినుకు వచ్చి మద్దాకు మీద టప్పున పడి, లోపలికి ఇంకకుండా జారిపోయింది. అచ్చియ్యమ్మ ఏడ్చేసింది. ఈసారి సంతోషంతో.

ఆనాటి నుంచి వాటా కోటవాళ్ళు పడుకున్న చోటికే ఏనుగుల మీద వెళుతోంది. ముందు రాజలింగం పిల్లలకి, ఆ తర్వాత మిగిలినవాళ్ళకి. అచ్చియ్యమ్మకి వెలగపళ్ళు చెట్టు మీదికే అందుతున్నాయి, అందించేది ఆనాడు నవ్విన పిట్టలే. బుల్లెయ్య బలగం గుంట గట్టు తవ్వి బాగుచేస్తున్నారు, ఒంట్లో కొవ్వు దండిగా ఉంది కనక.

ఇక పానకాలు. అతని పద్ధతి అతనికే ఉంచారు. పున్నమి పున్నమికీ గద్దబండ ఎక్కి అరిస్తేనే తిండి. నాలుక బయటపెట్టి, రొప్పుతూ రోజుతూ కొండెక్కి, "బతికే ఉన్నానహో!" అంటాడు. కింద ఉప్పుమట్టి గుంట దగ్గర కోటిలింగం నాలుగు కాళ్ళ మీద నిలబడి, తాపీగా నెమరువేస్తూ పైకి చూస్తాడు.

"సరిగ్గా వినబడలేదు అల్లుడూ! ఇంకోసారి!"

ఆపదలో ఎవరి వెనక దాక్కున్నావో, గట్టెక్కాక వాళ్ళకి పెట్టి ఆ తర్వాతే నువ్వు తిను.